విమాన ప్రయాణానికి కార్బన్ ఆఫ్‌సెట్: అపోహలు - వాస్తవాలు

కార్బన్ ప్రాజెక్టుల లెక్కలు తనిఖీ చేయడం నా ఉద్యోగం. టికెట్ బుక్ చేసేటప్పుడు చివర్లో కనిపించే ఆఫ్‌సెట్ గడిలో (మన ప్రయాణపు కాలుష్యానికి బదులుగా మరోచోట కార్బన్ తగ్గించడానికి డబ్బు కట్టే గడి) టిక్ పెట్టాలా వద్దా అని తెలిసినవాళ్లు అడుగుతూనే ఉంటారు. వాళ్ల మాటల్లో తరచూ వినిపించే అపోహలు ఇవి.

అపోహ: డబ్బు కట్టేస్తే నా ప్రయాణపు కాలుష్యం చెల్లుకు చెల్లు.

కిలో విమాన ఇంధనం మండితే సుమారు 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీరు గడిలో టిక్ పెట్టినా పెట్టకపోయినా అది గాల్లో కలుస్తుంది. మీరు కొనేది, మరెక్కడో ఎవరో అంత కార్బన్ తగ్గించామని చూపించే క్రెడిట్‌ని.

ఈ డబ్బు రాకపోయినా ఆ పని జరిగేదా? మా తలనొప్పంతా ఇక్కడే. జరిగేదే అయితే ఆ క్రెడిట్ విలువ సున్నా. అడవుల్ని కాపాడే ప్రాజెక్టుల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. 'మేం లేకపోతే ఇంత అడవి నరికేసేవారు' అన్న అంచనా ఎంత పెద్దదైతే అన్ని ఎక్కువ క్రెడిట్లు వస్తాయి. ఆ అంచనా వేసేదేమో చాలాసార్లు ప్రాజెక్టువాళ్లే! పైగా ఇక్కడ నరకడం ఆపితే గొడ్డలి పక్క అడవికి పోవచ్చు. ఆ నష్టాన్నీ ప్రాజెక్టుకు వచ్చే క్రెడిట్లలోంచి తగ్గించాలి.

అపోహ: నాలుగు మొక్కలు నాటితే సరి.

విమానం కొన్ని గంటల్లో వదిలినదాన్ని పీల్చుకోవడానికి మొక్కకు దశాబ్దాలు పడుతుంది. ఈలోగా అది బతికుండాలి కూడా. 2021లో అమెరికాలోని ఒరెగాన్‌లో చెలరేగిన బూట్‌లెగ్ కార్చిచ్చులో ఆఫ్‌సెట్ల కింద నమోదైన అడవులూ కాలాయి. ఇలాంటి నష్టాల కోసమే కొన్ని క్రెడిట్లను అమ్మకుండా పక్కన ఉంచుతారు. ఆ నిల్వ సరిపోతుందన్న నమ్మకం నాకైతే లేదు.

అపోహ: వెబ్‌సైట్ చూపించే టన్నులే అసలు లెక్క.

విమానం వెనక ఏర్పడే తెల్లటి చారలు, నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా భూమిని వేడెక్కిస్తాయి. వీటిని కొన్ని కాలిక్యులేటర్లు కలుపుతాయి, కొన్ని వదిలేస్తాయి. ఒకే ప్రయాణానికి ఒక్కో సైటు ఒక్కో అంకె చూపించడానికి ఇదొక కారణం. బిజినెస్ క్లాస్ సీటు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి దాని వాటా ఎకానమీకి రెండు మూడు రెట్లు ఉంటుంది.

అపోహ: 'కోర్సియా' ఉందిగా, విమాన సంస్థలే చూసుకుంటాయి.

విమాన సంస్థల చేత ఆఫ్‌సెట్లు కొనిపించే పథకమిది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016లో ఆమోదించిన ఈ పథకం దేశీయ ప్రయాణాలకు వర్తించదు. అంతర్జాతీయ ప్రయాణాల్లోనూ 2024 నుంచి, 2019 ఉద్గారాల్లో 85 శాతాన్ని దాటిన భాగానికే ఆఫ్‌సెట్లు కొనాలి.

అపోహ: అయితే ఆఫ్‌సెట్లన్నీ మోసమే.

అదీ తప్పే. చెత్త దిబ్బల్లో పుట్టే మీథేన్‌ను పట్టి కాల్చడమే తీసుకోండి. చట్టం బలవంతం లేనిచోట, ఆ గ్యాస్‌తో వేరే ఆదాయం లేనిచోట, క్రెడిట్ల డబ్బు లేకుండా ఆ పని ఎవరూ చేయరు. కొనాలనుకుంటే ముందు ప్రాజెక్టు పేరు అడగండి. కొన్నాక ఆ క్రెడిట్‌ను రిజిస్ట్రీలో (క్రెడిట్లు నమోదయ్యే చిట్టాలో) మీ తరఫున రిటైర్ చేసినట్టు, అంటే మళ్లీ వాడకుండా శాశ్వతంగా రద్దు చేసినట్టు, సీరియల్ నంబరుతో సహా చూపించమనండి. రిటైర్ కాని క్రెడిట్‌ను రేపు ఇంకొకరికి అమ్ముకోవచ్చు.