కేపీవీ: మూడు అమైనో ఆమ్లాల చుట్టూ ఇంత గొడవ ఎందుకు?

అమెరికాలో పెప్టైడ్‌లపై (అమైనో ఆమ్లాల చిన్న గొలుసులపై) ఆంక్షలు సడలించాలన్న డిమాండ్ మళ్లీ ఊపందుకోవడంతో కేపీవీ పేరు కూడా చర్చకొచ్చింది. లైసిన్, ప్రోలిన్, వాలిన్ అనే మూడు అమైనో ఆమ్లాల గొలుసు ఇది. మన ఒంట్లోనే తయారయ్యే ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ అనే హార్మోన్‌కు చివరి ముక్క. ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే ఒంట్లో వచ్చే వాపును, తగ్గించడానికి ఈ ముక్క ఒక్కటే చాలని పరిశోధకుడు జేమ్స్ లిప్టన్ బృందం 1989లోనే చెప్పింది. అయినా చాలా ఏళ్లు ల్యాబ్ దాటి ఎవరికీ పట్టలేదు.

పట్టించుకునేలా చేసింది 2008. అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో డిడియే మెర్లిన్ బృందం ఆ ఏడాది ఒక పరిశోధన ప్రచురించింది. రెండు, మూడు అమైనో ఆమ్లాల పెప్టైడ్‌లను కణాల్లోకి చేరవేసే పెప్ట్-1 అనే ప్రోటీన్ మన చిన్నపేగులో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దపేగులో అది పెద్దగా కనిపించదు. అక్కడ వాపు వచ్చినప్పుడు మాత్రం పుట్టుకొస్తుంది. కేపీవీ దాని ద్వారానే కణాల్లోకి వెళ్లి, వాపును నడిపించే ఎన్ఎఫ్-కప్పా-బి సంకేతాలను అణచివేస్తోందని వారు చూపించారు. పెద్దపేగు వాపు ఉన్న ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే జబ్బు తగ్గింది.

ఇందులోంచి మార్కెట్ ఏరుకున్నది ‘నోటి ద్వారా’ అన్న రెండు మాటలే. పేగులో వాపు ఉండాలన్న షరతు, ఇదంతా ఎలుకల్లో అన్న సంగతి పక్కకు పోయాయి. ఇప్పుడు చర్మానికీ కీళ్లకూ కూడా కేపీవీ అమ్ముతున్నారు, ఇంజెక్షన్‌గా సహా! 2017లో మెర్లిన్ బృందమే కేపీవీని హైలురోనిక్ యాసిడ్ పూసిన నానో కణాల్లో పెట్టి ఎలుకల పెద్దపేగుకు చేర్చింది. మామూలుగా మింగితే సరిపోయేదైతే అంత శ్రమ దేనికి?

కాంపౌండింగ్ ఫార్మసీలు, అంటే ఒక్కో రోగి కోసం విడిగా మందు కలిపిచ్చే దుకాణాలు, దీన్ని వాడకుండా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 సెప్టెంబర్‌లో అడ్డుకట్ట వేసింది. బీపీసీ-157 లాంటి మరికొన్ని పెప్టైడ్‌లతో పాటు కేటగిరీ-2లో పెట్టింది. అంటే భద్రతపై గట్టి సందేహాలున్న పదార్థం అని. మిగతా పెప్టైడ్‌ల మాటెలా ఉన్నా, కేపీవీ విషయంలో ఎఫ్‌డీఏ చెప్పిన కారణం సూటిగా ఉంది. ఏ మార్గంలోనైనా సరే, దీన్ని మనుషులకు ఇచ్చినట్టు సమాచారమే తమకు దొరకలేదంది. హాని చేస్తుందో లేదో తేల్చడానికి కూడా ఆధారం లేదన్నమాట.

ఈ నిషేధం వల్లే జనం ‘పరిశోధనకు మాత్రమే’ అని లేబుల్ వేసిన సీసాల వైపు మళ్లారని, ఫార్మసీ అయితే కనీసం నాణ్యత చూస్తుందని సడలింపు కోరేవారి వాదన. రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ ఆరోగ్య మంత్రి కాకముందే, 2024 అక్టోబర్‌లో, ఎఫ్‌డీఏ అణచివేస్తున్న వాటంటూ ఇచ్చిన జాబితాలో పెప్టైడ్‌లనూ చేర్చారు. అప్పటి నుంచి వీళ్ల ఆశలు పెరిగాయి.

అయితే కేటగిరీ-2 నుంచి కేటగిరీ-1కి మారినా అది ఆమోదం కిందకు రాదు. సమీక్ష పూర్తయ్యేదాకా షరతులు పాటించే ఫార్మసీల జోలికి ఎఫ్‌డీఏ వెళ్లదు, అంతే. మనుషులపై ట్రయల్స్ జరిపి తీరాలని ఆ మార్పు ఎవరినీ అడగదు.