జీడితోటలో ఎలుగుబంటి, ఒంట్లో చాటింపు

కవిటి, శ్రీకాకుళం జిల్లా

చిన్నబాబుకీ బుజ్జికీ తాత ఆశీస్సులు.

మీరు బండెక్కి వెళ్లిన నాలుగో రోజున చిన్నబాబు చెప్పు దొరికింది. జీడితోట గట్టు దాటాక ఉన్న పనసచెట్టు మొదట్లో, ఎండుటాకుల కింద ఉంది. కుక్క పట్టీని కాస్త కొరికింది గాని వేసుకోవడానికి పనికొస్తుంది. మామ్మ కడిగి అరుగు మీద ఆరబెట్టింది. ఆ చెప్పు చూడగానే, ఎలుగుబంటిని చూసి పరిగెత్తొచ్చిన ఆ రాత్రి వాడు అడిగిన మాట గుర్తొచ్చింది. "తాతా, పరిగెత్తాలని నేను అనుకోకముందే కాళ్లు ఎలా పరిగెత్తాయి? ఇంటికొచ్చేశాక కూడా గుండె అంతసేపు ఎందుకు కొట్టుకుంది?" మర్నాడు బుజ్జి ఇంకోటి అడిగింది. "కాయలు దింపే మావకి పాడైనవి కిడ్నీలు కదా, మరి రక్తం పట్టడానికి సూది ఎందుకు వేస్తున్నారు?"

రెండింటికీ అప్పుడు సగం సగం చెప్పి ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, పిల్లలడిగిన దానికి సగం చెప్పి వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. పైకి వేరువేరుగా కనిపించినా ఆ రెండు ప్రశ్నలూ ఒక్క చోటికే, రక్తంలో కబుర్లు మోసే హార్మోన్ల దగ్గరికే వెళ్తాయి. అందుకే ఒక్క ఉత్తరంలో రాస్తున్నాను.

ముందు ఎలుగుబంటి సంగతి. ఎండాకాలం చివర్లో రాలిన జీడిపళ్లు మగ్గి తోటంతా పులిసిన తీపి వాసన వేస్తుంది. మన ఉద్దానంలో ఎలుగులు ఆ వాసనకే కొండ దిగి వస్తాయి. ఆ సాయంత్రం అది తల దించుకుని పళ్లు తింటోంది, మనవైపు చూడనైనా లేదు. నేను చిన్నబాబు భుజం పట్టుకునేలోపే వాడు గట్టు దాటేశాడు. (ఇంకోసారి అలా జరిగితే పరిగెత్తకు నాయనా. చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడవాలి.)

మొదటి నాలుగు అడుగులు వేయించినవి నరాలు. కంటి నుంచి మెదడుకు, మెదడు నుంచి కాళ్లకు, గుండెకు క్షణంలో వార్త వెళ్లిపోతుంది. అదే క్షణాన ఇంకో నరం మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న రెండు చిన్న గ్రంథుల్ని తట్టింది. వృక్కం అంటే మూత్రపిండం, దాని మీద ఉంటాయి కాబట్టి వాటిని అధివృక్క గ్రంథులు అంటాం. అవి అడ్రినలిన్ అనే హార్మోన్‌ని నేరుగా రక్తంలోకి వదిలాయి. రక్తం కొన్ని సెకన్లలో దాన్ని ఒళ్లంతా తిప్పేసింది. గట్టు దాటాక ఇంటిదాకా నిన్ను ఆగకుండా పరిగెత్తించినదీ, ఇంట్లో మంచినీళ్లు తాగుతున్నా గుండెను దడదడలాడించినదీ అదే.

రక్తంలో వెళ్లే అడ్రినలిన్‌కి ఎక్కడికి వెళ్లాలో తెలియదు. దాని మీద చిరునామా ఉండదు. గుండెకీ, ఊపిరితిత్తులకీ, కార్జానికీ, చర్మానికీ, పేగుకీ ఒకే అడ్రినలిన్ వెళ్తుంది. అయినా గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి గొట్టాలు వెడల్పవుతాయి, కార్జం దాచుకున్న చక్కెరను వదులుతుంది, చర్మంలో రక్తనాళాలు ముడుచుకుని ముఖం పాలిపోతుంది, పేగు తన పని తగ్గించుకుంటుంది.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీరు చాలా చిన్నవాళ్లు. అది తీరం దాటే ముందు రోజు ఊళ్లో మైకుతో చాటింపు వేశారు. మాట ఒక్కటే, తుఫాను వస్తోందని. అది విని బెస్తవాళ్లు పడవలను ఇసుక మీద పైకి లాక్కున్నారు. జీడిపిక్కల వ్యాపారి బస్తాల మీద టార్పాలిన్ కప్పించాడు. మామ్మ ఇంట్లో ఉన్న బిందెలన్నీ నీళ్లతో నింపింది. చెవులు వినపడని పక్కింటి ముసలమ్మ మాత్రం అరుగు మీద అలాగే కూర్చుని ఉంది. మేం వెళ్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాం. ఎవరు ఏం చెయ్యాలో ఆ చాటింపులో లేదు, విన్నవాళ్ల దగ్గరే ఉంది. అసలు వినడానికి చెవి ఉండాలి. కణానికి ఉండే ఆ చెవినే రిసెప్టర్ అంటారు, మన పుస్తకాల్లో గ్రాహకం. ఏ కణానికి ఏ గ్రాహకం ఉందో, విన్నాక లోపల ఏ యంత్రాంగం కదులుతుందో, దాన్నిబట్టే హార్మోన్‌కి అర్థం వస్తుంది. హార్మోన్‌లో విడిగా అర్థం లేదు. నా పాఠాలన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటీ గుర్తుంచుకోమని మా పిల్లలకు చెప్పేవాణ్ణి.

ఇప్పుడు కార్జంలో ఒక్క కణం దగ్గరికి వెళ్దాం. దాని చుట్టూ కొవ్వుతో అల్లిన పలచటి పొర ఉంటుంది. అడ్రినలిన్ నీళ్లలో కరిగేది, ఆ కొవ్వు పొర దాటలేదు. గుమ్మం బయటే ఆగిపోతుంది. మరి లోపల చక్కెర ఎలా విడుదలైంది?

ఎర్ల్ సదర్లాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1950ల్లో తన బృందంతో దీని అంతు చూశాడు. కార్జాన్ని మెత్తగా నూరి అడ్రినలిన్ కలిపితే చక్కెరను విడదీసే ఎంజైమ్ మేల్కొంది. ఆ ముద్దను వేగంగా తిప్పి, అడుగున పేరుకున్న పొరల పిప్పిని తీసేసి, పైన తేరిన నీటికి అడ్రినలిన్ కలిపితే ఏమీ జరగలేదు. అప్పుడు ఆ పిప్పికి మాత్రమే అడ్రినలిన్ కలిపి, దాన్ని మరగబెట్టి, వచ్చిన రసాన్ని తేటలో పోశారు. ఎంజైమ్ మేల్కొంది! మరగబెడితే ప్రోటీన్లు చెడిపోతాయి కాబట్టి ఆ రసంలో పనిచేసింది ప్రోటీన్ కాదు, అంతకన్నా చిన్నదేదో. అడ్రినలిన్ పొరను తాకితే, పొర ఇంకో చిన్న పదార్థాన్ని తయారుచేసి లోపలికి పంపిందన్నమాట. దానికి సైక్లిక్ ఏఎంపీ అని పేరు పెట్టారు. బయటి కబురు గుమ్మం దగ్గరే ఆగింది, లోపలికి కొత్త కబురు బయల్దేరింది. 1971లో సదర్లాండ్‌కి నోబెల్ వచ్చింది. నేను చదివిన ప్రయోగాలన్నిటిలో నాకు ఇష్టమైనది ఇదే. ఒక పిప్పి, ఒక తేట, కాస్త మంట, అంతే.

ఆ సైక్లిక్ ఏఎంపీ దేనితో తయారవుతుందో తెలుసా? కణానికి బలమిచ్చే ఏటీపీతో. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరంలో కనుక్కున్న ఏటీపీయే అది. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. ఏటీపీకి మూడు ఫాస్ఫేట్ల తోక ఉంటుంది. పొరలోని ఒక ఎంజైమ్ రెండు ఫాస్ఫేట్లను తెంపేసి, మిగిలినదాన్ని మడిచి ఉంగరంలా కలుపుతుంది. కణానికి బలమిచ్చే సరుకే చిన్న మడత మార్పుతో కబురైపోతుంది.

గ్రాహకానికీ ఆ ఎంజైమ్‌కీ మధ్య ఇంకొకటి ఉంది. అడ్రినలిన్ గ్రాహకం అంటే పొరలో ఏడుసార్లు కుట్టు వేసినట్టు అటూ ఇటూ దూరిన ప్రోటీన్ పోగు. ఈ అచ్చులో పోసిన గ్రాహకాలు మనిషిలో సుమారు 800 రకాలున్నాయి. మనం వాసన పట్టేది కూడా ఇలాంటి వాటితోనే. వీటి మీద చేసిన కృషికి లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో నోబెల్ ఇచ్చారు. బయట అడ్రినలిన్ కూర్చోగానే పోగు కాస్త మెలి తిరుగుతుంది, లోపలి వైపు ఆనుకుని ఉన్న జీ ప్రోటీన్‌ని తడుతుంది. జీటీపీ అంటే ఏటీపీలాంటిదే, మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి. జీడీపీకి రెండే. జీ ప్రోటీన్ తన దగ్గరున్న జీడీపీని వదిలేసి జీటీపీని పట్టుకుంటుంది. అప్పుడది ‘ఆన్’ అయినట్టు. వెళ్లి ఎంజైమ్‌ని కదిలిస్తుంది. ఒక గ్రాహకం చాలా జీ ప్రోటీన్లను తట్టగలదు. ఒక్కో ఎంజైమ్ చాలా సైక్లిక్ ఏఎంపీలను చెయ్యగలదు. అవి ఇంకో ఎంజైమ్‌ని, అది మరోదాన్ని లేపుకుంటూ పోతే, చివరికి కార్జం దాచుకున్న చక్కెర నిల్వ, అదే గ్లైకోజన్, ఆ కుప్ప నుంచి చక్కెర రేణువులు లక్షల్లో ఊడిపడతాయి. అందుకే రక్తంలో చిటికెడంత హార్మోన్ చాలు.

ఆన్ అయ్యింది ఆఫ్ కూడా కావాలి. జీ ప్రోటీన్ గొప్పతనం అక్కడే ఉంది. జీటీపీని కొంచెంసేపు పట్టుకుని, తానే దాన్ని విరిచేసి మళ్లీ జీడీపీగా మార్చుకుని చల్లబడుతుంది. తన గడియారం తన దగ్గరే ఉంది. సైక్లిక్ ఏఎంపీ ఉంగరాన్ని విప్పేసే ఎంజైమ్ వేరే ఉంది. రక్తంలోని అడ్రినలిన్ కూడా రెండు మూడు నిమిషాల్లో సగానికి పడిపోతుంది. ఎలుగు కనబడడం లేదు గాని భయం ఇంకా పోలేదు, అందుకే చిన్నబాబు గ్రంథులు ఇంటికొచ్చాక కూడా కాసేపు అడ్రినలిన్ వదులుతూనే ఉన్నాయి.

ఆ గడియారం ఆగిపోతే ఏమవుతుందో మన పెద్దవాళ్లు కళ్లారా చూశారు. మా నాయనమ్మ కలరాని మరిడి అనేది. పొలిమేరలో మరిడమ్మకు ఘటాలు ఎత్తేవారు. ఆ జబ్బుకు అసలు కారణం కలరా క్రిమి వదిలే విషమని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించాడు. ఆ విషం పేగు కణంలోకి దూరి జీ ప్రోటీన్‌ని మార్చేస్తుంది, అది ఇక జీటీపీని విరవలేదు. స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. సైక్లిక్ ఏఎంపీ పెరిగిపోయి, ఉప్పు బయటికి పోయే ద్వారాలు తెరుచుకుంటాయి, ఉప్పు వెంట నీళ్లు పోతాయి. ముదిరితే గంటకు లీటరు దాకా పోవచ్చు. ఎంత చిన్న మెలికకు ఎంతమంది పిల్లలు పోయారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె పిండినట్టుంటుంది. అదే పేగులో చక్కెరనూ ఉప్పునూ జతగా లోపలికి లాక్కునే ఇంకో దారి ఉంది, దాని జోలికి ఆ విషం పోలేదు. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఆ దారిలోనే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ దీనితో ఎన్నో ప్రాణాలు నిలబెట్టాడు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. బుజ్జీ, ఇది వంటింటి గోడ మీద రాసిపెట్టు.

అన్ని హార్మోన్లూ గుమ్మం బయట ఆగవు. మీ అమ్మ పొద్దున్నే పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్రలోని హార్మోన్ కణంలోకి వెళ్లి, కేంద్రకంలో డీఎన్‌ఏ మీదే కూర్చున్న గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఏ జన్యువు చదవాలో, ఏది ఆపాలో మారుస్తుంది. దాని పని మెల్లగా మొదలై రోజుల తరబడి సాగుతుంది. రక్తంలో ఆ మందు సగానికి తగ్గడానికి వారం పడుతుంది. ఇన్సులిన్‌ది మరో పద్ధతి, దానికి వేరే ఉత్తరం కావాలి.

ఇక బుజ్జి ప్రశ్న. మన కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఎన్ని ఇళ్లలో ఈ కిడ్నీ జబ్బు ఉందో నువ్వే చూశావు. మావ ఒకప్పుడు కాళ్లకు బంధం వేసుకుని పొద్దున్న పదింటిలోపు ఇరవై చెట్లు ఎక్కేవాడు. కిందటేడు నా దగ్గరికొచ్చి, "మేస్టారూ, నాలుగడుగులేసేసరికి ఆయాసమొచ్చేస్తంది, ఏటో" అన్నాడు. కనురెప్ప దించి చూస్తే లోపల తెల్లగా ఉంది. హిమోగ్లోబిన్ ఏడు.

మూత్రపిండాలు రక్తాన్ని వడకట్టడమే కాదు, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెడుతూ ఉంటాయి. తగ్గితే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ వదులుతాయి. అది ఎముక మూలుగకు చేరుతుంది. అక్కడ ఎర్ర రక్తకణాలు కావలసిన పిల్ల కణాలు ఉంటాయి. వాటి గ్రాహకాలు జంటలుగా ఉంటాయి. హార్మోన్ వచ్చి రెండింటినీ ఒడుపుగా పట్టుకోగానే, వాటి లోపలి కొసలకు అంటుకుని ఉన్న జాక్-2 అనే ఎంజైములు ఎదురెదురుగా వచ్చి ఒకదానికొకటి ఫాస్ఫేట్ అంటిస్తాయి. తర్వాత స్టాట్-5 అనే ప్రోటీన్‌కి కూడా అంటిస్తాయి. అది కేంద్రకంలోకి వెళ్లి జన్యువుల్ని తెరిపిస్తుంది. ఇక్కడ సైక్లిక్ ఏఎంపీ లేదు, జీ ప్రోటీన్ లేదు, దారే వేరు. ఇంతకీ ఆ కబురు సారాంశం ‘బతుకు’ అని. ఆ కబురు అందకపోతే పిల్ల కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో సెకనుకి 20 లక్షలకు పైగా ఎర్ర కణాలు పుట్టాలి, ఒక్కోటి బతికేది సుమారు 120 రోజులే.

పాడైన మావ కిడ్నీలు ఆ కబురు సరిగా పంపలేవు. డయాలసిస్ యంత్రం మావ రక్తాన్ని కడుగుతుంది, కానీ ఎరిత్రోపొయిటిన్ తయారుచెయ్యలేదు. మావ మూలుగ బాగానే ఉంది, గ్రాహకాలూ బాగానే ఉన్నాయి. లేనిది కబురు. సూదిలో ఇచ్చేది ఆ కబురే తల్లీ. దాని జన్యువును 1985లో విడదీశాక, కణాల్లో పెంచి మందుగా చెయ్యడం వీలైంది. రక్తం పట్టడానికి ఇనుము కూడా కావాలి కాబట్టి అప్పుడప్పుడు ఐరన్ కూడా ఎక్కిస్తారు. అలాగని హిమోగ్లోబిన్‌ని మామూలు మనిషిలా 13 దాకా తీసుకుపోరు. అంతవరకు ఎక్కిస్తే రక్తం గడ్డలు కట్టే ప్రమాదం ఎక్కువవుతుంది.

నిన్న మావ డయాలసిస్ నుంచి వస్తూ మన ఇంటి దగ్గర ఆటో దిగాడు. హిమోగ్లోబిన్ పది అయ్యిందట. కాగితం తీసి చూపించాడు, ఆ అంకె చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి ఉంది. గేటు నుంచి అరుగు దాకా ఆగకుండా నడిచాడు, నేను చూస్తూనే ఉన్నాను. చెప్పు చూసి ఎవరిదని అడిగి, సంగతి విని నవ్వాడు. "దసరాకి పిల్లలొస్తే సెప్పండి మేస్టారూ, నానెక్కనేకపోయినా మావోడి సేత బొండాలు దింపిస్తాను" అన్నాడు.

మీ తాత