ఇనుము ఉంది, కదలడం లేదు: సెరులోప్లాస్మిన్ వివాదం వెనుక కథ

"రక్తహీనతకు ఇనుము మాత్రలు అక్కర్లేదు. ఒంట్లో ఇనుము కావలసినంత ఉంది. దాన్ని కదిలించే రాగి లేకపోవడమే అసలు లోపం." ఈ వాదన మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. దాన్ని నమ్మి మాత్రలు పక్కన పెట్టేస్తున్నవాళ్లున్నారు. వాదించేవాళ్లు ప్రతిసారీ సాక్ష్యంగా చూపించేది ఒక ప్రొటీన్‌ని. అదే సెరులోప్లాస్మిన్: రక్తంలో తిరుగుతూ ఒక్కో అణువులో ఆరు రాగి పరమాణువులను మోసే నీలిరంగు ప్రొటీన్. ఎదుటి పక్షం దీన్ని ఒక్క ముక్కలో బూటకమని కొట్టిపారేస్తోంది. కానీ ఈ వాదన గాలిలోంచి పుట్టలేదు. ప్రయోగశాలలో నిజంగా తేలిన ఒక విషయాన్ని ఎక్కడినుంచో ఎక్కడికో లాక్కెళ్లడం వల్ల పుట్టింది. ఆ తేలిన విషయం ఏమిటో తెలియకపోతే ఈ పేచీ తెగదు.

1928లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎలుకల మీద చేసిన పరీక్షల్లో, హిమోగ్లోబిన్ తయారవ్వాలంటే ఇనుముతోపాటు రాగి కూడా కావాలని తేలింది. 1940లలో స్వీడన్‌లో హోల్మ్‌బర్గ్, లారెల్ ఈ నీలి ప్రొటీన్‌ను వేరుచేసి పేరు పెట్టారు. ఇవి చాలామందికి తెలిసినవే. ఇప్పటి గొడవకు తాళంచెవి మాత్రం 1987లో జపాన్‌లో దొరికింది.

ఆ ఏడాది మియాజిమా బృందం 52 ఏళ్ల ఒక మహిళ గురించి వైద్య పత్రికలో రాసింది. ఆమెకు కనురెప్పలు తమంతట తామే బిగుసుకుపోయేవి. కంటి రెటీనా క్షీణించింది. షుగర్ జబ్బు ఉంది. రక్తపరీక్షలో సెరులోప్లాస్మిన్ దాదాపు కనిపించలేదు. అప్పటివరకు సెరులోప్లాస్మిన్ తగ్గిందంటే డాక్టర్లకు ముందు గుర్తొచ్చేది విల్సన్ వ్యాధి. ఆ వ్యాధిలో లివర్‌లో, మెదడులో రాగి పేరుకుపోతుంది. ఈమెలో పేరుకున్నది రాగి కాదు, ఇనుము. లివర్‌లోనూ అదే, మెదడు లోపలి భాగాల్లోనూ అదే.

ఒక్క మనిషి చాలు, సెరులోప్లాస్మిన్ అసలు పని ఏమిటన్న ఇరవయ్యేళ్ల వాదనను తేల్చడానికి. రాగిని మోసే ప్రొటీన్ లేకపోతే రాగి లెక్క తప్పాలి కదా? తప్పింది ఇనుము లెక్క. రక్తంలో ఇనుము తక్కువ, కణాల్లో ఇనుము కుప్పలు. ఇలాంటి రోగులకు ఓ మోస్తరు రక్తహీనత కూడా ఉంటుంది. అంటే ఒకే ఒంట్లో ఒకచోట ఇనుము కరువు, ఇంకోచోట ఇనుము గుట్టలు.

ఇది ఎవరూ ఊహించనిది కాదు. ఒక వర్గం 1960ల నుంచే ఇలా జరుగుతుందని చెబుతూ వచ్చింది. వాళ్ల మాటకు దక్కాల్సినంత గౌరవం అప్పట్లో దక్కలేదన్నది నా అభిప్రాయం.

ఆ వర్గానికి పెద్ద అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో బయోకెమిస్ట్ ఎర్ల్ ఫ్రీడెన్. 1966లో ఒసాకీ, జాన్సన్‌లతో కలిసి ఆయన ప్రచురించిన పత్రంలోని వాదన సూటిగా ఉంటుంది. కణం లోపలి నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇనుము ఫెరస్ రూపంలో ఉంటుంది. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ మాత్రం ఫెరిక్ రూపాన్నే పట్టుకుంటుంది. ఈ రెండింటి మధ్య తేడా ఒక్క ఎలక్ట్రాన్. ఆ ఎలక్ట్రాన్‌ను తీసేది ఎవరు? సెరులోప్లాస్మిన్ అన్నాడు ఫ్రీడెన్. నాలుగు ఫెరస్ అయాన్ల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ తీసుకుని, ఆ నాలుగింటినీ ఒక ఆక్సిజన్ అణువుకు అందించి నీరుగా మారుస్తుంది. మధ్యలో కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలేవీ బయటపడవు. ఈ పనిని బట్టి దీన్ని ఫెరాక్సిడేజ్ అని పిలవాలన్నాడు. ఇవాళ ఎంజైముల అధికారిక పట్టికలో ఆ పేరే ఉంది.

ఫ్రీడెన్ చెప్పింది టెస్ట్‌ట్యూబ్‌లో జరిగిన సంగతి. దానికి ప్రాణమున్న ఒంట్లో రుజువు అమెరికాలోనే యూటా నుంచి వచ్చింది. అక్కడ కార్ట్‌రైట్ బృందం పందులకు రాగి లేని ఆహారం పెట్టి పెంచింది. వాటికి రక్తహీనత వచ్చింది, రక్తంలో ఇనుము పడిపోయింది. లివర్‌లో, పాత ఎర్రకణాలను మింగే మాక్రోఫేజ్ కణాల్లో ఇనుము మాత్రం నిండుగా ఉంది. 1969లో వాళ్లు చేసిన ప్రయోగం గురించి ఎప్పుడు చదివినా నాకు ఆశ్చర్యమే. ఆ పందుల రక్తంలోకి సెరులోప్లాస్మిన్ ఎక్కిస్తే ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, ఇనుము వెంటనే లేచింది. దానికి బదులు ఉత్త రాగి లవణం ఇస్తే వెంటనే ఏమీ జరగలేదు. ఆ రాగితో పంది సొంత లివర్ సెరులోప్లాస్మిన్ తయారుచేసుకున్నాకే ఇనుము కదిలింది. ఇనుమును కదిలించింది రాగి పొట్లం కాదు, రాగిని సరిగ్గా బిగించుకున్న ప్రొటీన్. నేటి వాదనలో పూర్తిగా జారిపోయిన తేడా ఇదే.

1971లో ఫ్రీడెన్ బృందం దీన్ని లివర్‌లోనే నేరుగా చూపించింది. ఒంట్లోంచి తీసిన లివర్ గుండా ద్రవాన్ని ప్రవహింపజేసి, అందులో సెరులోప్లాస్మిన్ కలిపితే లివర్ ఇనుమును వదిలింది.

మరి అప్పట్లో ఫ్రీడెన్ మాట ఒప్పుకోనివాళ్ల అభ్యంతరమేమిటి? మామూలు రక్తంలో, ఆక్సిజన్ ఉన్నచోట, ఫెరస్ ఇనుము తనంతట తానే ఫెరిక్‌గా మారుతుంది కదా, ఎంజైమ్ ఎందుకు అన్నారు. ప్లాస్మాలో ఉండే కొద్దిపాటి ఇనుము దగ్గర ఆ మార్పు అవసరానికి తగినంత వేగంగా జరగదన్నది ఫ్రీడెన్ జవాబు. ఇంకో ప్రశ్న బరువైనది: విల్సన్ రోగుల్లో సెరులోప్లాస్మిన్ చాలా తక్కువ, మరి వాళ్లందరికీ ఇనుము ఎందుకు పేరుకోదు? కొద్దిపాటి సెరులోప్లాస్మిన్ మిగిలినా ఇనుము కదలికకు సరిపోతుందని కార్ట్‌రైట్ వర్గం చెప్పింది. కానీ 'కొద్దిపాటి'కి కింద ఉన్న మనిషిని చూపించలేకపోయింది. అందుకే చాలా పాఠాలు సెరులోప్లాస్మిన్‌ను 'రాగి రవాణా ప్రొటీన్' అని మాత్రమే చెప్పి ఊరుకున్నాయి.

1987లో దొరికింది సరిగ్గా ఆ మనిషే. తక్కువ కాదు, దాదాపు సున్నా.

ఆ తర్వాత జన్యువు వంతు. 1995లో జపాన్‌లో యోషిదా బృందం, అమెరికాలో గిట్లిన్, హ్యారిస్ వేర్వేరుగా ఈ రోగుల సెరులోప్లాస్మిన్ జన్యువులోనే లోపాన్ని పట్టుకున్నారు. మియాజిమా చూసిన మహిళలో ఆ జన్యువులో అయిదు అక్షరాలు అదనంగా చేరాయి. దాంతో ప్రొటీన్ సగంలోనే తెగిపోయింది. జబ్బుకు ఎసెరులోప్లాస్మినీమియా అన్న పేరు స్థిరపడింది. చాలా అరుదైన జబ్బు. జపాన్‌లో దగ్గరి బంధువుల మధ్య కాని పెళ్లిళ్లలో ఇరవై లక్షల మందికి ఒకరు ఉండొచ్చని మియాజిమా బృందం అంచనా వేసింది.

దీనికి ఒక్క ఏడాది ముందు, అంటే 1994లో, ఎవరూ చూడని దిక్కు నుంచి ఇంకో సాక్ష్యం వచ్చింది: పిండిని పులియబెట్టే ఈస్ట్ అనే సూక్ష్మజీవి నుంచి. ఈస్ట్ కణం ఇనుమును తీసుకోవాలంటే ఫెట్3 అనే ఎంజైమ్ కావాలి. అది సెరులోప్లాస్మిన్ లాంటిదే, రాగి ఉన్న ఆక్సిడేజ్. రాగి అందని ఈస్ట్‌కు ఇనుము కూడా అందదు. రాగికీ ఇనుముకూ ఉన్న ఈ లంకె ఎలుకలకూ పందులకూ మాత్రమే చెందినది కాదని, జీవుల్లో అది చాలా పాతదని అప్పుడు అర్థమైంది.

1999లో హ్యారిస్, గిట్లిన్ బృందం సెరులోప్లాస్మిన్ జన్యువు తీసేసిన ఎలుకలను తయారుచేసింది. వాటి పేగులు ఇనుమును మామూలుగానే పీల్చుకున్నాయి. కణాల్లోకి ఇనుము మామూలుగానే వెళ్లింది. మాక్రోఫేజ్‌ల నుంచి, లివర్ కణాల నుంచి బయటికి రావడమే బాగా దెబ్బతింది. పేగు ఎందుకు దెబ్బతినలేదో అదే ఏడాది తెలిసింది. అక్కడ ఆ పని చేయడానికి సెరులోప్లాస్మిన్‌కు చుట్టంలాంటి మరో రాగి ఎంజైమ్ ఉంది. గ్రీకుల కమ్మరి దేవుడి పేరు మీద దానికి హెఫీస్టిన్ అని పేరు పెట్టారు.

సెరులోప్లాస్మిన్ ఇనుమును కణంలోకి పంపుతుందని కూడా 1998లో ఒక వర్గం రాసింది. ఇనుము కరువైన కణాలను పెంచి చూపించిన ఫలితమది. జన్యువు తీసేసిన ఎలుకలో అసలు దెబ్బ బయటికి వచ్చే దారిలోనే కనిపించింది కాబట్టి, ఒంట్లో దీని ప్రధాన బాధ్యత ఎటువైపో ఎలుకే చెప్పిందని నేను అనుకుంటాను. రాగి రవాణా సంగతీ ఇలాగే తేలింది. 2001లో ఇవే రకం ఎలుకల్లో రాగి కదలికను కొలిస్తే అది మామూలుగానే ఉంది.

కణం నుంచి ఇనుము బయటికొచ్చే ద్వారం పేరు ఫెర్రోపోర్టిన్. 2000లో దొరికింది. కొన్ని రకాల కణాల్లో ఫెరాక్సిడేజ్ లేకపోతే ఆ ద్వారం కణం పైపొరలో నిలవదని, లోపలికి వెళ్లి నాశనమైపోతుందని 2007లో తేలింది. ఫ్రీడెన్ నలభయ్యేళ్ల కిందట ఎంజైమ్ లెక్కలతో చెప్పిన మాటకు ఇలా ఒక తలుపు, ఒక గడియ కనిపించాయి.

ఇక ఇప్పటి వాదనకు వద్దాం. 'ఇనుము ఇరుక్కుపోయింది' అన్న మాట ఈ చరిత్రలోంచే వచ్చింది. ఆ మాట నిజమైన సందర్భాలున్నాయి కూడా. మన ఒంట్లో రోజూ ఎర్రకణాల తయారీకి వాడే ఇనుము దాదాపు 20-25 మిల్లీగ్రాములు. అందులో తిండి నుంచి వచ్చేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగతాదంతా మాక్రోఫేజ్‌లు పాత ఎర్రకణాల నుంచి తీసి తిరిగి ఇచ్చేదే. ఆ దారి మూసుకుంటే నష్టం ఎంతో ఊహించుకోవచ్చు.

అయితే ఎక్కువమందిలో ఆ దారిని మూసేది సెరులోప్లాస్మిన్ లోపం కాదు, హెప్సిడిన్. ఇన్‌ఫెక్షన్, ఒంటి లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు లివర్ ఈ హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. అది ఫెర్రోపోర్టిన్‌కు అతుక్కుని దాన్ని పైపొర నుంచి తీయించేస్తుందని 2004లో తెలిసింది. అదే వాపులో సెరులోప్లాస్మిన్ తగ్గదు సరికదా, పెరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు, ఈస్ట్రోజెన్ మాత్రలు వాడుతున్నప్పుడు కూడా పెరుగుతుంది. కాబట్టి వాపు వల్ల వచ్చిన రక్తహీనతను 'సెరులోప్లాస్మిన్ తక్కువై ఇనుము ఇరుక్కుంది' అని చెప్పడం లెక్కను తలకిందులు చేయడమే.

రక్తస్రావం వల్లనో, తిండిలో చాలకనో నిజంగానే ఇనుము తగ్గినవాళ్ల సంగతి ఇంకా సులువు. వాళ్లలో ఇనుమును నిల్వ ఉంచే ప్రొటీన్ ఫెరిటిన్ తక్కువగా ఉంటుంది. గోదాం ఖాళీగా ఉన్నప్పుడు తలుపుకు ఎంత మంచి గడియ పెట్టినా బయటికి వచ్చేదేమీ ఉండదు.

రాగి సరిపడా ఉన్నవాళ్లు ఇంకొంచెం రాగి మింగితే సెరులోప్లాస్మిన్ పెరగదు. అది ఎప్పటికప్పుడు లివర్ తయారుచేసుకునేది. అందులో రాగి బిగించే పని లివర్ కణంలో ఏటీపీ7బీ అనే ప్రొటీన్‌ది. ఆ ప్రొటీన్ చెడిపోవడమే విల్సన్ వ్యాధి. ఈ మొత్తం వివాదంలో నాకు టెన్షన్ పెట్టేది ఈ చోటే. రక్తపరీక్షలో సెరులోప్లాస్మిన్ తక్కువ అని వచ్చిన మనిషికి విల్సన్ వ్యాధి ఉండే అవకాశం ఉంది. అతనికి రాగి విషంతో సమానం. 'సెరులోప్లాస్మిన్ తక్కువ, రాగి మాత్రలు వేసుకో' అన్న సలహా అలాంటివాడి చెవిన పడితే లివర్ పోతుంది.

రాగి లోపం అసలు లేదనడం కూడా తప్పే. జింక్ మాత్రలు చాలాకాలం ఎక్కువ మోతాదులో వాడినవాళ్లలో, పొట్ట లేదా పేగు ఆపరేషన్ అయినవాళ్లలో అది వస్తుంది. జింక్ ఎక్కువైతే పేగు కణాల్లో మెటల్లోథయోనిన్ అనే ప్రొటీన్ పెరిగి రాగిని పట్టి ఉంచేస్తుంది. కొన్నాళ్లకు ఆ కణాలు రాలిపోతాయి, రాగి వాటితోపాటే మలంలో పోతుంది. ఈ రోగులకు రక్తహీనతతోపాటు తెల్లకణాలు తగ్గుతాయి, వెన్నుపాము దెబ్బతిని నడక తడబడుతుంది. దీన్ని ఎముక మజ్జ జబ్బుగా పొరబడిన సందర్భాలున్నాయి. వీళ్లకు రాగి ఇస్తే రక్తం బాగుపడుతుంది. నడకలో వచ్చిన తేడా మాత్రం చాలాసార్లు పూర్తిగా పోదు.

మరి 1987లో బయటపడిన జబ్బున్నవాళ్లు? వాళ్లలో చాలామందికి ముందుగా కనిపించేది రక్తహీనతే, మెదడు లక్షణాల కన్నా ఏళ్ల ముందు. ఎర్రకణాలు చిన్నగా ఉంటాయి, రక్తంలో ఇనుము తక్కువ. అంతవరకే చూస్తే మామూలు ఇనుము లోపంలానే ఉంటుంది, ఇనుము మాత్రలు రాసేస్తారు. ఫెరిటిన్ పరీక్ష చేస్తే అది చాలా ఎక్కువని, ఇనుము తగ్గలేదని, పేరుకుంటోందని అప్పుడే తెలిసిపోతుంది. అది చూడకుండా ఇచ్చిన ఇనుము నిండిన గోదాముల్లోకే చేరుతుంది. లివర్‌లో పేరుకున్నదాన్ని ఇనుమును పట్టి లాగే మందులతో కొంత తీయగలుగుతున్నారు. మెదడులో చేరినదాన్ని తీయడం మాత్రం ఇప్పటికీ చాలా కష్టం.