మాటలు రాకముందే పుస్తకం

ఆరు నెలల బిడ్డ చేతికి పుస్తకం ఇస్తే ముందు నోట్లో పెట్టుకుంటుంది. తర్వాత నేలకేసి కొడుతుంది, చిక్కితే ఒక మూల చింపుతుంది. "దీనికి ఇప్పుడే పుస్తకమేంది, మాటలన్నా రానియ్యి" అని పెద్దలు దాన్ని సజ్జ మీద పెట్టేస్తారు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఈ మాట వినబడని ఇల్లు తక్కువ. కానీ ఆ వయసులో ఒక వస్తువు సంగతి తెలుసుకోవడానికి బిడ్డకున్న మంచి సాధనం నోరే. అట్ట నమిలిందంటే పుస్తకంతో పరిచయం మొదలైందన్నమాట.

వినడమైతే పుట్టకముందే మొదలవుతుంది. ఏడో నెల వచ్చేసరికి కడుపులోని బిడ్డ శబ్దాలకు స్పందిస్తుంది, అన్నిటికంటే బాగా వినబడేది తల్లి గొంతు. 1986లో డికాస్పర్, స్పెన్స్ అనే అమెరికా పరిశోధకులు కొందరు గర్భిణులతో చివరి ఆరు వారాలు రోజూ ఒకే కథను పైకి చదివించారు. పుట్టిన కొద్దిరోజులకే ఆ పిల్లల నోట్లో పాలపీక పెట్టి, చీకే తీరును బట్టి పాత కథో కొత్త కథో వినబడేలా ఏర్పాటు చేశారు. పిల్లలు పాత కథనే కోరుకున్నారు, వేరే ఆమె గొంతులో వినిపించినా సరే. అంటే గొంతునే కాదు, కథ నడకను కూడా గుర్తుపట్టారు. తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డకు ఏం తినాలో, ఏం తినకూడదో పదిమంది చెబుతారు. రోజూ కాసేపు పైకి చదువు బిడ్డా అని కూడా ఒకరు చెబితే ఎంత బాగుండు!

పుట్టాక మొదటి ఏడాదిలో చెవి ఇంకా గొప్ప పని చేస్తుంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన పరిశోధన మనకు చాలా దగ్గరిది. హిందీలోని 'ట', 'త' ధ్వనులను ఇంగ్లీషు ఇళ్లలో పెరుగుతున్న పిల్లలకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది ఆ తేడా పట్టుకున్నారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి పట్టుకోగలిగినవాళ్లు బాగా తగ్గిపోయారు. ఇంట్లో వినబడని తేడాలను మెదడు వదిలేస్తుంది, వినబడే వాటికి పదును పెడుతుంది. 'పాట' వేరు, 'పాత' వేరు అని మన బిడ్డ చెవి స్థిరపరచుకునేది మాటలు రాని ఆ నెలల్లోనే.

మరి వినడమే కావాలంటే ఫోన్‌లో పాటలు పెడితే చాలదా? చాలదు. 2003లో పట్రీషియా కుల్ బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని బొమ్మలు, పుస్తకాలు చూపిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు ఆ భాష ధ్వనులను పట్టుకున్నారు. అదే మనిషి, అవే మాటలు టీవీలో వస్తే ఏమీ పట్టుకోలేదు. నాట్లకో పత్తి ఏరడానికో పోయి అలసిపోయి వచ్చిన తల్లి, ముద్ద దిగడానికి ఫోన్ ముందు పెడితే ఆమెను తప్పుపట్టలేను. కానీ బిడ్డకు కావలసింది తనను చూసి నవ్వే ముఖం, తన చూపు ఎటు పోతే అటు తిరిగే కళ్లు. ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ వద్దనీ, కూర్చోబెట్టిన వేళ కథలు చెప్పడం, చదివి వినిపించడం మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

పుస్తకం ప్రత్యేకత ఇంకొకటుంది. రోజువారీ పనుల్లో పిల్లలతో మన మాటలు చాలావరకు తిను, దా, వద్దు, పండుకో దగ్గరే తిరుగుతాయి. బొమ్మల పుస్తకం తెరిస్తే ఏనుగు, సముద్రం, గూడు, ఉరుము అన్నీ ఇంట్లోకి వస్తాయి. ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ కావాలని మారాం చేస్తే విసుక్కోవద్దు. ఒకే కథ పలుమార్లు విన్న మూడేళ్ల పిల్లలకు కొత్త పదాలు బాగా నిలిచాయని 2011లో ఒక అధ్యయనం చూపింది.

పాలమూరు ఊళ్లలో అమ్మానాన్నలు పనికోసం హైదరాబాద్‌కో పుణెకో వలసపోతే పిల్లల్ని పెంచేది అవ్వాతాతలు. అవ్వకు చదువు రాదు కదా అంటారు. ఏడాది బిడ్డకు అక్షరాలతో పనిలేదు. "ఇదేంది? బర్రె. మన బర్రె లెక్కనే ఉంది. ఎట్ల అరుస్తది?" అని అడిగి ఒక క్షణం ఆగితే చాలు. ఆ ఆగడమే ముఖ్యం. బిడ్డ 'బ్బ' అన్నా, వేలు పెట్టినా అది జవాబే, దాన్ని అందుకుని "అవును, నల్ల బర్రె" అని ఇంకొక మాట కలపాలి. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం రెండేళ్ల అటూఇటూ పిల్లల తల్లిదండ్రులకు నేర్పింది ఈ పద్ధతినే. నెల రోజుల్లోనే ఆ పిల్లలు మాటల్లో ముందుకు పోయారు. దేవరకొండ తండాల్లోనైతే ఆ బొమ్మను లంబాడీ మాటలోనే చెప్పాలి, నారాయణపేట వైపు కన్నడ మాట్లాడే ఇళ్లలో కన్నడంలోనే. తెలుగు పుస్తకమైనంత మాత్రాన ఇంటి భాష పక్కన పెట్టనక్కర్లేదు.

పుస్తకాలు దొరకవనే బెంగ కూడా అక్కర్లేదు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ సంస్థ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోవచ్చు. అంతకంటే సులువైనది ఫొటోల పుస్తకం. పసిపిల్లలకు మనుషుల ముఖాలంటే చెప్పలేనంత ఇష్టం. వలసపోయిన అమ్మానాన్నల ఫొటోలు, మేనమామ, ఇంటి ముందరి యాప చెట్టు, కోడిపుంజు లామినేషన్ చేయించి, మూలలు గుండ్రంగా కత్తిరించి, దారంతో కడితే బిడ్డ ఎంత నమిలినా తట్టుకుంటుంది.

అంగన్‌వాడీ టీచరమ్మలను ఒకటి అడగాలని ఉంది. మూడేళ్లలోపు పిల్లల తల్లులు బాలామృతం ప్యాకెట్ కోసం వస్తారు. ఆ ప్యాకెట్‌తోపాటు ఒక బొమ్మల పుస్తకం ఇంటికి పంపండి, మళ్లీ వచ్చినప్పుడు మార్చి ఇంకొకటి ఇవ్వండి. చినిగి వస్తే టేపు వేసి పక్కింటి బిడ్డకు ఇవ్వండి.