ఆగిపోయే పొర

గుంటూరు బ్రాడీపేటలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి అడిగింది: "చర్యాశీలత శ్రేణిలో ఇనుము కంటే అల్యూమినియం పైన ఉంది కదండీ! మరి ఇనుప గేటు తుప్పు పట్టిపోతుంటే, కిటికీకి వేసిన అల్యూమినియం ఫ్రేము అలాగే ఎందుకుంది?" ఏ లోహం ఎంత చురుగ్గా రసాయన చర్య జరుపుతుందో వరుసగా చూపే ఆ శ్రేణిని బట్టీ పట్టించి వదిలేస్తున్న రోజుల్లో ఇలాంటి ప్రశ్న వినడమే పెద్ద సంతోషం.

నిజానికి అల్యూమినియం ఇనుము కంటే ఆత్రంగా ఆక్సిజన్‌తో కలుస్తుంది. కలిసిన వెంటనే పైన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. మందం 2 నుంచి 4 నానోమీటర్లు, అంతే. అక్కడితో ఎందుకు ఆగుతుందో కబ్రేరా, మాట్ అనే భౌతిక శాస్త్రవేత్తలు 1949లో వివరించారు. నాకు ఎంతో ఇష్టమైన వివరణ ఇది. లోహంలోని ఎలక్ట్రాన్లు ఆ పల్చటి పొరను టన్నెలింగ్‌తో, అంటే మామూలుగా దాటలేని అడ్డును క్వాంటం పద్ధతిలో దాటేసి, పైనున్న ఆక్సిజన్‌ను చేరతాయి. దాంతో పైన రుణావేశం, కింద ధనావేశం, మధ్యలో విద్యుత్ క్షేత్రం. ఆ క్షేత్రం అల్యూమినియం అయాన్లను పైకి లాగుతుంది, పొర మందమవుతుంది. వోల్టేజీ మాత్రం మారదు. అంటే మందం రెట్టింపయితే క్షేత్రం సగమైపోతుంది. అయాన్ల వేగం క్షేత్రాన్ని బట్టి ఘాతీయంగా మారుతుంది, అంటే క్షేత్రం తగ్గితే వేగం అంతకు ఎన్నో రెట్లు పడిపోతుంది కాబట్టి పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. గీత పడితే? లోపలి లోహం గాలికి తగిలి అదంతా మళ్లీ మొదలవుతుంది, మళ్లీ అంత మందం దగ్గరే ఆగుతుంది.

పొర లోహాన్ని కాపాడుతుందా లేదా అన్నదానికి పిల్లింగ్, బెడ్‌వర్త్ అనే శాస్త్రవేత్తలు 1923లో ఇంకో లెక్క చెప్పారు. ఖర్చయిన లోహంతో పోలిస్తే దాని ఆక్సైడ్ ఎంత చోటు తీసుకుంటుంది? మెగ్నీషియానికి 0.81 రెట్లు, కప్పడానికి చాలదు. అల్యూమినియానికి 1.28, బిగుతుగా సరిపోతుంది. ఇనుప తుప్పుది 2 దాటుతుంది. చోటు చాలక, తడిసిన గోడ సున్నంలా పెచ్చులూడుతుంది. అయితే స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడే క్రోమియం ఆక్సైడ్‌ది కూడా ఇంచుమించు 2. కాబట్టి ఈ లెక్క ఒక్కటే చాలదు. పొర లోహాన్ని అంటిపెట్టుకోవాలి, అయాన్లను దాటనివ్వకూడదు.

జీవులకూ ఇలాంటి రక్షణ పొరలున్నాయి, కానీ వాటికి ఇంకో చిక్కుంది: కప్పు కింద ఒళ్లు పెరుగుతూ ఉంటుంది. మాను లావెక్కితే చచ్చిన బెరడు సాగలేక నెర్రెలిస్తుంది. అందుకే లోపల కార్క్ కేంబియం కొత్త పొరలు పుట్టిస్తూ ఉంటుంది. పాము కుబుసం విడుస్తుంది. మన చర్మం పైపొర నెలకు అటూ ఇటుగా మారిపోతుంది. విజయవాడలో కొట్ల ముందు దిష్టికి కట్టే బూడిద గుమ్మడికాయ నెలల తరబడి నిలిచేది దాని బూడిద వల్ల. ఆ బూడిద కాయ పైకణాలు స్రవించే మైనం. నీటిని బయటికి పోనివ్వదు. అది కుళ్లినప్పుడు "ఎవరిదో దిష్టి తగిలింది" అని భయపడతారు. తొక్కకు ఎక్కడో గాయమైంది, బూజు లోపలికి వెళ్లింది, అంతకు మించి ఏమీ లేదు.

ఇక వంటింటి సంగతి. అల్యూమినియం గిన్నెలో ఆవకాయ, చింతపండు పులుసు నిలవ ఉంచకండి. పులుపు బాగా ఎక్కువైతే, అంటే పీహెచ్ 4 కంటే తగ్గితే, ఆక్సైడ్ కరుగుతుంది. ఉప్పులోని క్లోరైడ్ పొర బలహీనంగా ఉన్నచోట గుంట చేస్తుంది. ఆ గుంట లోపల ఆమ్లం పెరిగిపోయి, పొర మళ్లీ కట్టకుండా అడ్డుపడుతుంది.