భద్రాచలంలో 43 అడుగులంటే మీ గుమ్మం దగ్గర ఎంత?

జులై, ఆగస్టు నెలల్లో టీవీ తెర అడుగున దాదాపు ఏటా పరిగెత్తే వార్త ఇది: భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరింది, మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయింది. 48 అడుగులకు రెండోది, 53కి మూడోది. ఆ 43 అంటే నది లోతు అనుకునేవాళ్లు చాలామంది. లోతుకీ దానికీ సంబంధం లేదు. గేజి, అంటే ఒడ్డున నీటిమట్టం చూపే కొలబద్ద, దాని మీద సున్నా గీత ఎక్కడ పెట్టారో అక్కడి నుంచి నీరు ఎంత ఎత్తుకు లేచిందన్నదే ఆ అంకె.

ఆ సున్నా సముద్ర మట్టానికి 107 అడుగుల ఎత్తున ఉంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం గందరగోళం తీరుతుంది. కేంద్ర జల సంఘం ఇదే చోట మీటర్లలో లెక్క చెబుతుంది: హెచ్చరిక మట్టం 45.72 మీటర్లు, ప్రమాద మట్టం 48.77 మీటర్లు. అడుగుల్లోకి మారిస్తే 150, 160. వాటిలోంచి 107 తీసేస్తే 43, 53 వస్తాయి. అంటే టీవీ చెప్పే మొదటి, మూడో హెచ్చరికలే ఇవి. మధ్యలోని 48కి కేంద్రం లెక్కలో విడిగా గీత లేదు. 1986 ఆగస్టు 16న నమోదైన 75.6 అడుగుల రికార్డు కూడా అక్కడ 55.66 మీటర్లుగా కనిపిస్తుంది. కేంద్ర జల సంఘం 2023లో తెచ్చిన ఫ్లడ్‌వాచ్ యాప్‌లో 46 అనీ, టీవీలో 44 అనీ చూసి ‘ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు’ అనుకోనక్కర్లేదు. ఒకటి మీటర్లలో సముద్రం నుంచి కొలిచింది, ఇంకొకటి అడుగుల్లో గేజి సున్నా నుంచి కొలిచింది.

కొలవడం పైకి తేలికే. ఒడ్డున మెట్టు మెట్టుగా పాతిన కొలబద్దల మీద నీరు ఏ గీత దగ్గర ఉందో మనిషి చూసి రాసుకుంటాడు. మామూలు రోజుల్లో ఒకటి రెండు సార్లు చూస్తే చాలు, వరదప్పుడు గంటగంటకీ చూడాలి. అలలుంటే పై అంచు, కింది అంచు రెండూ చూసి మధ్యది తీసుకోవాలి. కొత్తగా వంతెనలకు బిగిస్తున్న రాడార్ పరికరం నీటి మీదికి తరంగం పంపి, అది తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం తేలుస్తుంది. పరికరం ఎత్తులోంచి ఆ దూరం తీసేస్తే నీటిమట్టం. అర్ధరాత్రి కూడా కొలుస్తుంది, నిద్రపోదు. కానీ దాని కష్టాలు దానికున్నాయి. కొట్టుకొచ్చిన చెట్లు, చెత్త సరిగ్గా దాని కిందే పేరుకుంటే నీటిని వదిలి చెత్తను కొలుస్తుంది. వారం రోజులు మబ్బు పట్టిందంటే సోలార్ బ్యాటరీ నీరసించి, కబురు అత్యవసరమైన రాత్రే మూగబోతుంది. కొలబద్దకైతే పట్టిన ఒండ్రు కడగాలి, పక్కకు ఒరిగిందేమో ఏటా సరిచూడాలి. రెండు అంకెలూ పొంతన కుదరనప్పుడు ముందు మనిషి వెళ్లి కొలబద్ద చూసి రావడమే సరైన పద్ధతి.

ఎత్తు తెలిసినంత మాత్రాన ఎంత నీరు పారుతోందో తెలియదు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). దీన్ని కొలవడానికి నదిని అడ్డంగా చాలా నిలువు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో లోతునూ వేగాన్నీ కొలుస్తారు. వేగం పైన ఎక్కువ, అడుగున తక్కువ. అందుకే ఒక్క చోటే కొలిచే వీలుంటే పైనుంచి లోతులో 60 శాతం దగ్గర, రెండు చోట్ల వీలైతే 20, 80 శాతాల దగ్గర కొలిచి సగటు తీస్తారు. పెను వరదలో పడవ దింపడం ప్రాణాంతకం. తేలే వస్తువు ఎంత వేగంగా పోతోందో చూసి, దాన్ని సుమారు 0.85తో గుణించి సరిపెట్టుకోవలసి వస్తుంది. ఇలా ఏళ్ల తరబడి పోగేసిన కొలతలతో ‘ఇంత ఎత్తుకు ఇంత ప్రవాహం’ అని ఒక గీత గీస్తారు. వార్తల్లో వినే లక్షల క్యూసెక్కులు చాలావరకు ఆ గీతలోంచి చదివినవే.

గీత అన్నివేళలా ఒకేలా ఉండదు. ఇసుక మేట వేసినా, కోతపడినా మారిపోతుంది. ఒకే ఎత్తు దగ్గర పెరుగుతున్న వరదలో ప్రవాహం ఎక్కువ, తగ్గుతున్న వరదలో తక్కువ. భద్రాచలానికి అసలు చిక్కు మాత్రం దిగువన ఉంది. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆ తర్వాత పాపికొండల మధ్య నది ఇరుకు దారిలో దూరాలి. శబరి కూడా పొంగిన రోజున గోదావరి నీరు ముందుకు సాగలేక ఎగదన్నుతుంది. పైనుంచి వచ్చే నీరు అంతే ఉన్నా భద్రాచలంలో మట్టం పెరుగుతుంది. అందుకే ఎగువనున్న పేరూరు దగ్గర వరద తగ్గుముఖం పట్టిందని విని ఊపిరి పీల్చుకునే ముందు కూనవరం గేజి కూడా చూడాలి. ధవళేశ్వరం దగ్గర మరో లెక్క. అక్కడ మూడు హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు, అంటే సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులకు. కోనసీమ లంకలవాళ్లకు భద్రాచలం అడుగుల కంటే ఈ క్యూసెక్కులే ముఖ్యం.

ఒక్క అంకె చూసి ఏమీ తేల్చలేం. గంట తేడాతో కనీసం మూడు కావాలి. ఉదయం 6కి 41.2, 7కి 41.8, 8కి 42.4 ఉందంటే గంటకు 0.6 అడుగు పెరుగుతోంది, 9 గంటలకు 43. ఈ లెక్క రెండు మూడు గంటలకే పనికొస్తుంది. అదే వేగంతో నాలుగు రోజులు పొడిగిస్తే వందడుగులైనా తేలుతుంది! రేపటి సంగతి ఎగువ గేజిలే చెప్పాలి. ప్రాణహిత, ఇంద్రావతి రెండూ కలిశాక పేరూరు వస్తుంది కాబట్టి పై నుంచి వచ్చే పెద్ద వరద ముందు అక్కడ కనబడుతుంది.

ఇక గుమ్మం సంగతి. మీ ఊరి గేజి భద్రాచలంలో లేదు, మీ వీధి కరెంటు స్తంభం మీద ఉండాలి. ఊళ్లో అందరికంటే పల్లంలో ఉన్న ఇల్లు, ఊరి బయటి కల్వర్టు, బడి గుమ్మం, ఈ మూడింటి ఎత్తు తేడాలు తాపీమేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో పట్టేయవచ్చు. పారదర్శకమైన ట్యూబులో నీళ్లు నింపి రెండు కొసలూ ఎత్తి పట్టుకుంటే రెండు వైపులా నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. లోపల గాలి బుడగ మిగిలితే మాత్రం కొలత తప్పుతుంది, అది పోయేదాకా కదపాలి. స్తంభం మీద అరడుగుకొక గీత ఆయిల్ పెయింటుతో వేయండి. ఆపై వరద వచ్చినప్పుడల్లా నీరు కల్వర్టు ఎక్కిన గంట, అప్పుడు భద్రాచలంలో ఎన్ని అడుగులు, రెండూ ఒక పుస్తకంలో రాయండి. మూడు నాలుగు వరదలయ్యేసరికి ‘అక్కడ ఇంత దాటితే ఇక్కడ దారి పోతుంది’ అన్నది తేలుతుంది. ఇల్లు మునగడం కంటే ముందు దారి మునుగుతుంది, ఖాళీ చేయాల్సిన గడువు దారిని బట్టే పెట్టుకోవాలి.

ఈ పుస్తకంలో పాత పేజీలను గుడ్డిగా నమ్మకూడదు. 2021 జూన్‌లో పోలవరం ప్రాజెక్టు దగ్గర నదిని స్పిల్‌వే (గేట్లున్న భాగం) మీదికి మళ్లించాక, ఎగువనున్న ఊళ్లు ఆ తర్వాతి వరదల లెక్కను విడిగా రాసుకోవాలి. 2022 జులై వరద భద్రాచలంలో 71.3 అడుగులకు చేరింది. ఆ ఏడు గోడల మీద మిగిలిన మరక ఎక్కడైనా ఉంటే సున్నం వేసేలోపే దాని ఎత్తు కొలిచి పెట్టుకోవడం మంచిది.

కరకట్ట ఉన్న ఊళ్లో ఇంకో మెలిక. నది పెరిగితే కట్టలోని స్లూయిస్ (తూము) తలుపులు మూస్తారు. అప్పుడు ఊళ్లో కురిసిన వాన బయటికి పోదు, మోటార్లతో తోడాల్సిందే. గోదావరి కట్ట దాటకుండానే ఇళ్లు మునిగేది ఇలాగే. కట్ట లోపలివైపు కూడా ఒక కొలబద్ద ఉండాలి.

ఇదంతా పెద్ద నదికి చెల్లుతుంది, అది కబురు పంపి మరీ వస్తుంది. ఖమ్మంలో మున్నేరుకు 16, 24 అడుగుల హెచ్చరికలున్నాయి. 2024 సెప్టెంబరు 1న అది 36 అడుగులకు లేచింది. అదే రోజుల్లో బుడమేరు విజయవాడను ముంచింది. ఇలాంటి ఏర్లకు నీటిమట్టం చూసి హెచ్చరించేసరికి ఆలస్యమైపోతుంది. ఎగువ మండలాల్లో గంటగంటకీ కురిసిన వానా, గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారుతోందా లేదా అన్నదీ కబురందాలి. పై ఊరి చెరువు కట్ట మీద రాత్రిపూట టార్చి పట్టుకుని నిలబడే మనిషి ఫోను నంబరు కింది ఊరి సర్పంచి దగ్గర ఉండాలి, వాన మొదలవకముందే.