అదే కారు, వేరే రోడ్డు

2023 సెప్టెంబర్ 16న సింగపూర్ ఫార్ములా వన్ రేసుకు ముందు, ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో రెండో దశ ముగిసేసరికి టైమింగ్ స్క్రీన్ మీద కనిపించింది నాకు చాలాసేపు నమ్మబుద్ధి కాలేదు. రెడ్‌బుల్ డ్రైవర్ మాక్స్ వెర్‌స్టాపెన్ 11వ స్థానం. అతని జట్టులోనే ఉన్న సెర్జియో పెరెజ్ 13. ఇద్దరూ చివరి దశకు రాకుండానే ఆగిపోయారు. ఆ సీజన్‌లో అప్పటిదాకా జరిగిన 14 రేసులూ రెడ్‌బుల్‌వే. అందులో చివరి పది వెర్‌స్టాపెన్ ఒక్కడే వరసబెట్టి గెలిచాడు. మర్నాడు రేసు ఫెరారీ డ్రైవర్ కార్లోస్ సైంజ్ గెలిచాడు, వెర్‌స్టాపెన్ ఐదో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

ఇక అభిమానుల మధ్య ఒకటే చర్చ. సరిగ్గా ఆ వారమే, గాలి బలంతో కారును నేలకు నొక్కే రెక్కలు వంగే విషయంలో ఈ ఆటను నడిపే సంస్థ ఎఫ్ఐఏ నిబంధన బిగించింది. రెడ్‌బుల్ గుట్టు బయటపడిందని చాలామంది తేల్చేశారు. వారం తిరిగింది. జపాన్‌లోని సుజుకాలో అదే వెర్‌స్టాపెన్, అదే కారుతో పోల్, అంటే రేసులో అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే స్థానం, కొట్టాడు, అదీ అర సెకనుకు పైగా తేడాతో. రేసు 19 సెకన్ల తేడాతో గెలిచాడు. నిబంధన బిగిసే ఉంది, కారూ అదే. మారింది రోడ్డు. ఆ ఏడాది 22 రేసుల్లో రెడ్‌బుల్ ఓడింది సింగపూర్‌లో ఒక్కసారే.

రేసు అయ్యాక మనం డ్రైవర్ గురించి మాట్లాడుకుంటాం, ఇంజిన్ గురించి, టైర్లు మార్చే పిట్‌లో జరిగిన పొరపాటు గురించి మాట్లాడుకుంటాం. రోడ్డు గురించి మాట్లాడేది తక్కువ. ఒక జట్టు ఈ వారం గెలిచి, వచ్చే వారం ఎందుకు చతికిలపడిందో తెలుసుకోవాలంటే ముందు చూడాల్సింది రోడ్డునే అని నా నమ్మకం. ఆ రోడ్డు వారం వారం మారుతుంది. కొన్నిసార్లు గంట గంటకూ మారుతుంది.

సింగపూర్ సంగతే తీసుకుందాం. 2022 నుంచి 2025 దాకా నడిచిన కార్లకు బలమంతా కారు అడుగునే ఉండేది. అడుగున ఉన్న ఇరుకు దారుల్లోంచి గాలి దూసుకుపోతుంటే అక్కడ పీడనం పడిపోతుంది, కారు రోడ్డుకు అతుక్కుంటుంది. కారు నేలకు ఎంత దగ్గరగా ఉంటే ఆ పట్టు అంత ఎక్కువ. నున్నటి సుజుకాలో కారును బాగా కిందికి దించి నడపొచ్చు. సింగపూర్‌లో నడిచేది మామూలు రోజుల్లో జనం తిరిగే వీధుల్లో. గతుకులు, అతుకులు, మూల మూలకూ ఎక్కి దిగాల్సిన కెర్బ్‌లు, అంటే రోడ్డు అంచున ఎత్తుగా ఉండే గట్లు. అడుగు నేలకు తగలకుండా కారును కాస్త పైకి లేపాలి. లేపితే అడుగున పట్టు సడలుతుంది. ఎంత లేపాలి, స్ప్రింగ్ ఎంత మెత్తబరచాలి అన్న లెక్క ఆ వారం రెడ్‌బుల్‌కు కుదరలేదు. మిగతా ట్రాక్‌ల మీద వాళ్లను గెలిపించిన గుణమే అక్కడ ఎదురు తిరిగింది.

మరి కిందికి దించేసి, తగిలితే తగిలిందని నడిపేయొచ్చుగా అంటారేమో. అందుకే కారు అడుగున 10 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక ఒకటి బిగించాలని నిబంధన ఉంది. దాన్ని ప్లాంక్ అంటారు. రేసు అయ్యాక కొలిచినప్పుడు అది 9 మిల్లీమీటర్ల కంటే తగ్గి ఉంటే ఆ కారును ఫలితాల్లోంచి తీసేస్తారు. 2023లో ఆస్టిన్‌లో గతుకుల ట్రాక్ మీద రెండో స్థానంలో వచ్చిన లూయిస్ హామిల్టన్, ఆరో స్థానంలో వచ్చిన చార్ల్స్ లెక్లెర్ ఇద్దరూ అలాగే పోయారు. 2025 నవంబర్‌లో లాస్ వేగాస్‌లో మెక్‌లారెన్ కార్లు రెండూ పోయాయి. లాండో నోరిస్ చేతికొచ్చిన రెండో స్థానం, 18 పాయింట్లు గాల్లో కలిశాయి. అతని కారు పలకలో తగ్గింది ఒకటి రెండు కాగితాల మందమంత. రెండు వారాల తర్వాత అబుదాబిలో అతను ప్రపంచ చాంపియన్ అయింది కేవలం 2 పాయింట్ల తేడాతో. ఆ రెండు వారాలూ మెక్‌లారెన్ అభిమానులకు ఎంత టెన్షన్‌గా గడిచాయో నాకు తెలుసు.

ఇక టైరు దగ్గరికి వద్దాం. నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది ఇదే.

రోడ్డును దగ్గర నుంచి చూస్తే అది చదునుగా ఉండదు. తారులో పొదిగిన రాళ్ల మొనలు పైకి పొడుచుకుని ఉంటాయి. ఒక్కో రాయి మీద మళ్లీ గరుకైన సన్నటి నూకలాంటి ఎత్తుపల్లాలు. టైరు దాని మీదికి వచ్చినప్పుడు రబ్బరు ఆ మొనల చుట్టూ జారి, పల్లాల్లోకి దిగుతుంది. రాయిని దాటగానే వెంటనే పాత ఆకారానికి రాదు, క్షణంలో వెయ్యోవంతైనా ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యం వల్ల రాయికి ముందువైపు ఒత్తిడి ఎక్కువ, వెనకవైపు తక్కువ అవుతుంది. ఈ తేడాయే కారును జారకుండా పట్టుకునే బలాల్లో ఒకటి. రెండోది ఇంకా చిన్న స్థాయిలో జరుగుతుంది. రబ్బరు అణువులు రాతి ఉపరితలానికి అంటుకుంటాయి, సాగుతాయి, తెగుతాయి, మళ్లీ అంటుకుంటాయి. మూల తిరుగుతున్న కారు కింద ఇది క్షణానికి ఎన్ని వేలసార్లు జరుగుతుందో. మనం గ్రిప్ అని ఒక్క మాటలో చెప్పేస్తున్నది ఈ రెండింటినీ కలిపే.

ఈ రెండూ వేడి మీద ఆధారపడి ఉంటాయి. రబ్బరు చల్లగా ఉంటే బిగుసుకుపోతుంది, రాళ్ల మధ్య పల్లాల్లోకి దిగదు, మొనల మీద తేలుతూ జారుతుంది. అలా జారుతూ పైపొర చిన్న చిన్న పీలికలుగా చిట్లి, టైరు మీదే గింజల్లా అంటుకుపోతుంది. దీన్నే గ్రెయినింగ్ అంటారు. మరీ వేడెక్కితే రబ్బరు బలం కోల్పోయి అరిగిపోతుంది, లోపల బుడగలు కట్టి పగుళ్లిస్తుంది. ఈ రెంటికీ మధ్య, సుమారు 100 డిగ్రీల చుట్టుపక్కల, టైరు హాయిగా పనిచేసే ఇరుకైన చోటు ఒకటుంది. అది సాఫ్ట్, మీడియం, హార్డ్ టైర్లకు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. 2011 నుంచి అన్ని జట్లకూ టైర్లిచ్చేది పిరెల్లీ ఒక్కటే, కాబట్టి రబ్బరు అందరికీ ఒకటే. దాన్ని ఆ ఇరుకు చోటులో నిలబెట్టడంలోనే జట్ల మధ్య తేడా.

ఒక కారు టైర్లను త్వరగా వేడెక్కిస్తుంది, ఇంకోటి చల్లగా ఉంచుతుంది. ఏది మంచి కారు? రోడ్డు చెప్పాలి. 2024 నవంబర్‌లో లాస్ వేగాస్‌లో రేసు చలి రాత్రి జరిగింది. రోడ్డు వేడి 20 డిగ్రీల లోపే. దానికి తోడు అక్కడ దాదాపు రెండు కిలోమీటర్ల పొడవున్న స్ట్రెయిట్ ఉంది, అది దాటేలోపు టైర్లు చల్లారిపోతాయి. మిగతావాళ్లు టైర్లు వేడెక్కక తంటాలు పడుతుంటే మెర్సిడెస్ మాత్రం చెలరేగిపోయింది. జార్జ్ రస్సెల్ గెలిచాడు, పదో స్థానం నుంచి మొదలుపెట్టిన హామిల్టన్ రెండో స్థానానికి వచ్చాడు. వారం తర్వాత ఖతార్‌లో, టైర్లను పిండేసే పొడవైన వేగపు మలుపుల మీద, అదే రస్సెల్ నాలుగు, హామిల్టన్ 12. వారంలో ఎవరూ డ్రైవింగ్ మరిచిపోరు. మెక్‌లారెన్‌ది దీనికి తిరగబడ్డ కథ. వెనక టైర్లను వేడెక్కనివ్వకపోవడం వాళ్లకు బాగా తెలుసు. 2025లో ఆ బలంతోనే ఇంకా ఆరు రేసులు మిగిలి ఉండగా జట్లకిచ్చే కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ కొట్టేశారు.

రోడ్డు వేడి గురించి మాట్లాడేటప్పుడు గాలి వేడితో కలిపేయకూడదు. ఎండలో నల్లటి తారు గాలి కంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. ఒక మబ్బు అడ్డం వస్తే నిమిషాల్లోనే ఆ వేడి పడిపోతుంది. క్వాలిఫయింగ్‌లో ఒక డ్రైవర్ ల్యాప్, అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు, మొదలుపెట్టినప్పుడు ఎండ, అతని పోటీదారు మొదలుపెట్టినప్పుడు మబ్బు. తేడా ఒక్క పదోవంతు సెకను. చాలాసార్లు పోల్ తేలేది ఆ పదోవంతులోనే.

రోడ్డు తనంతట తాను మారడం ఒక ఎత్తు, కార్లు దాన్ని మార్చడం ఇంకో ఎత్తు. శుక్రవారం ఉదయం ట్రాక్ మీద దుమ్ము ఉంటుంది, రబ్బరు ఉండదు. అలాంటి ట్రాక్‌ను గ్రీన్ ట్రాక్ అంటారు. కార్లు తిరిగే కొద్దీ టైర్ల నుంచి రబ్బరు రాలి, రాళ్ల మధ్య సందుల్లో పలచటి పొరగా పరుచుకుంటుంది. రబ్బరుకు రబ్బరు బాగా అంటుకుంటుంది కాబట్టి ల్యాప్ సమయాలు తగ్గుతూ వస్తాయి. అందుకే క్వాలిఫయింగ్‌లో ప్రతివాడూ చివరి నిమిషం దాకా ఆగి ఒక్కసారిగా బయటికొస్తాడు. అందరికంటే చివర గీత దాటినవాడికి ఎక్కువ రబ్బరున్న రోడ్డు దొరుకుతుంది. ఇక కార్లు వెళ్లే దారి పక్కకు రాలిపడ్డ రబ్బరు ఉండలు మార్బుల్స్. వాటి మీదికి వెళ్తే టైరు నిండా అంటుకుని రెండు మూడు మలుపుల దాకా కారు మాట వినదు. రాత్రి ఒక్క వాన కురిస్తే శుక్ర, శని వారాల్లో పరుచుకున్న రబ్బరంతా కొట్టుకుపోతుంది, ఆదివారం మళ్లీ మొదటికే.

రాయి కూడా ముఖ్యమే. అబుదాబి యాస్ మరీనా ట్రాక్‌కు కావలసిన రాయిని ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ క్వారీ నుంచి ఓడల్లో తెప్పించారంటే ఎంత పట్టింపో చూడండి. అరిగినా నునుపెక్కని రాయి కావాలి వాళ్లకు.

గాలి సంగతి మెక్సికో సిటీలో చూడొచ్చు. ఆ ఊరు సముద్ర మట్టానికి 2,200 మీటర్ల పైన ఉంది, గాలి పలచన. మలుపులమయమైన మొనాకోలో పెట్టేంత పెద్ద రెక్కలు పెట్టినా, వేగపు ట్రాక్ మోంజాలో చిన్న రెక్కలకు వచ్చేంత డౌన్‌ఫోర్స్ (కారును నేలకు నొక్కే గాలి బలం) మాత్రమే వస్తుంది.

వాన పడితే అన్ని లెక్కలూ తారుమారవుతాయి. రాయికీ రబ్బరుకూ మధ్య నీటి పొర చేరితే అణువుల అంటుడు దాదాపు పోతుంది. మొనల చుట్టూ రబ్బరు వంగే బలం ఒక్కటే మిగులుతుంది, అది కూడా నీటిని ముందు పక్కకు తోసేయగలిగితేనే. ఆ తోసే పని టైరు మీది గాడులది. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో జోరు వానకు వాడే ఫుల్ వెట్ టైరు ఒక్కోటి సెకనుకు 85 లీటర్ల నీటిని పక్కకు చిమ్ముతుందని, తక్కువ తడికి వాడే ఇంటర్మీడియట్ 30 లీటర్లు చిమ్ముతుందని పిరెల్లీ లెక్క. గాడుల్లేని స్లిక్ టైరు నీటిని తోయలేదు, నీటి మీద తేలుతుంది.

కష్టమంతా మధ్యలో ఉంది, సగం తడి సగం పొడిగా ఉన్న రోడ్డు మీద. 2021లో రష్యాలోని సోచీలో నోరిస్ తన జీవితంలో మొదటి పోల్ నుంచి మొదలుపెట్టి, మొదటి గెలుపుకు కొద్ది ల్యాప్‌ల దూరంలో ఉన్నాడు. చినుకులు మొదలయ్యాయి. వెనకాల ఉన్న హామిల్టన్ జట్టు మాట విని పిట్‌కు వెళ్లి ఇంటర్మీడియట్స్ వేసుకున్నాడు. నోరిస్ స్లిక్స్ మీదే ఉండిపోయాడు. ట్రాక్‌లో ఒక చోట రోడ్డు ఇంకా పొడిగా ఉంది, అతనికి ఆ పట్టు చేతికి తెలుస్తోంది. ఇంకో చోట వాన జోరందుకుంది. అతను ఆ చోటికి చేరేసరికి కారు మంచు మీద పెట్టినట్టు జారిపోయింది. హామిల్టన్‌కు అది వందో గెలుపు. నోరిస్ ఏడోవాడిగా గీత దాటాడు. చాలామంది అతన్ని తిట్టారు. నాకు మాత్రం ఈరోజుకీ అతని మీద కోపం లేదు. గంటకు 250 కిలోమీటర్ల వేగంలో, ఎదుటి మలుపులో నీరెంతుందో అక్కడికి వెళ్తే తప్ప తెలియదు.

రోడ్డు ఇంతగా ఆడించిన రేసు ఇంకోటి చెప్పమంటే నేను 2020 ఇస్తాంబుల్ చెప్తాను. రేసుకు కొద్దిరోజుల ముందే ట్రాక్ మీద కొత్త తారు వేశారు. కొత్త తారు నుంచి నూనె పైకి ఊరుతుంది, రాళ్ల మొనలు ఇంకా తారు పొర కిందే ఉంటాయి. పైగా నవంబర్ చలి, ఆపైన వాన. ప్రపంచంలోనే మేటి డ్రైవర్లు శుక్రవారం పొడి రోడ్డు మీదే గిర్రున తిరిగిపోయారు. శనివారం వానలో పోల్ కొట్టింది రేసింగ్ పాయింట్ కుర్రాడు లాన్స్ స్ట్రోల్. అదే ఏడాది అందరినీ తొక్కేస్తూ వచ్చిన మెర్సిడెస్‌కు ఆ చల్లటి నున్నటి రోడ్డు మీద టైర్లు వేడెక్కనే లేదు, హామిల్టన్ ఆరో స్థానం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

మొత్తం 58 ల్యాప్‌లు. ఎనిమిదో ల్యాప్‌లో హామిల్టన్ పిట్‌కు వచ్చి ఇంటర్మీడియట్స్ వేసుకున్నాడు. మిగతావాళ్లు చాలామంది మళ్లీ టైర్లు మార్చారు. అతను మార్చలేదు. రోడ్డు మెల్లగా ఆరుతోంది, టైరు మీది గాడులు మెల్లగా అరుగుతున్నాయి. గాడులు అరిగే కొద్దీ రోడ్డును తాకే రబ్బరు పెరుగుతుంది, గాడుల మధ్య అటూ ఇటూ కదిలే రబ్బరు దిమ్మెలు తగ్గుతాయి, టైరు స్థిరపడుతుంది. రోడ్డు ఆరే వేగం, టైరు అరిగే వేగం జత కలిశాయి. ఆ ఒక్క సెట్‌తోనే 50 ల్యాప్‌లు నడిపి అతను గెలిచాడు, ఏడో ప్రపంచ టైటిల్ అందుకున్నాడు. కారు ఆగాక ఆ టైర్లను దగ్గరగా చూపించారు. వాటి మీద గాడుల ఆనవాలే లేదు, స్లిక్స్‌లా నున్నగా మెరుస్తున్నాయి.